‘మనవాళ్ళున్నారు కదా’ అన్న ధీమా

అమ్మాయో అబ్బాయో విదేశం బయల్దేరుతున్నారంటే ఇంటికి వచ్చిపోయేవాళ్ళంతా ఒక భయం, ఒక ధైర్యం చెప్పి వెళతారు. భయం ఏమిటంటే: అక్కడ తుపాకులెక్కువ, చీకటిపడ్డాక బయట తిరక్కు, నల్లవాళ్ళుండే పేటల వైపు పోకు. ధైర్యం ఏమిటంటే: డాలస్ నిండా మనవాళ్ళే, మన పక్క ఊరాయన అక్కడ కంపెనీ నడుపుతున్నాడు, ఏ అవసరమొచ్చినా చూసుకుంటాడు. దుబాయి పోయే తాపీమేస్త్రీకీ ఇదే మాట, కువైట్ ఇళ్ళల్లో పనికిపోయే ఆడమనిషికీ ఇదే మాట. టీవీ చర్చలూ, ప్రవాస సంఘాల సభలూ చివరికి తేల్చేది కూడా ఇదే. ప్రమాదం పరాయివాడి దగ్గరుంది, రక్షణ మనవాడి దగ్గరుంది.

ఈ సూత్రం తప్పు. ఉత్త తప్పయితే నవ్వి ఊరుకోవచ్చు. ఇది మనుషుల్ని బలితీసుకుంటున్న తప్పు. విదేశంలో తెలుగువాడిని దోచుకోవడానికి తుపాకీతో పనిపడేది తక్కువ. ఒక ఆఫర్ లెటరు, ఒక వీసా కాగితం, ‘నేను చూసుకుంటాలే’ అన్న ఒక్క హామీ చాలు. ఆ హామీ ఇచ్చేవాడు మన భాష మాట్లాడతాడు, మన ఊరో కులమో కలుపుతాడు, మన ఇంటి అడ్రసు ఎరిగుంటాడు. ఇతన్ని పక్కన పెట్టేసి విదేశాల్లో నేరాల గురించి మనం చేసే చర్చ సగం చర్చే.

ముందు ఆ భయం సంగతి చూద్దాం. 2024 జూలైలో విదేశాంగ శాఖ లోక్‌సభకు ఒక లెక్క ఇచ్చింది. అంతకుముందు ఐదేళ్ళలో విదేశాల్లో మరణించిన భారతీయ విద్యార్థులు 633 మంది. వాళ్ళలో దాడులకు గురై చనిపోయినవాళ్ళు 19 మంది. కెనడాలో 9, అమెరికాలో 6, మిగతా నలుగురూ ఇతర దేశాల్లో. అంటే నూటికి ముగ్గురు. 2023-24 విద్యా సంవత్సరంలో ఒక్క అమెరికాలోనే మన దేశం నుంచి వెళ్ళి చదువుతున్నవాళ్ళు 3,31,602 మంది. ఆ 19 ఇళ్ళల్లోని దుఃఖాన్ని అంకెలతో కొట్టిపారెయ్యలేం. కానీ మన జాగ్రత్తలన్నీ నూటికి మూడు వంతుల దగ్గరే ఆగిపోయాయని మాత్రం ఈ లెక్క చెబుతోంది. ఇక నెలల తరబడి జీతం అందని కుర్రాడు, పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఇరుక్కుపోయిన ఆడమనిషి, ఏజెంటుకు రెండెకరాలు ధారపోసిన రైతు ఈ 633లోకి రారు. వాళ్ళు చనిపోలేదు కాబట్టి వార్త కూడా కాలేదు.

సరే, అలాంటి దాడుల్నే దగ్గరగా చూద్దాం. 2018 జూలైలో కాన్సస్ సిటీలో ఒక రెస్టారెంట్‌లో వరంగల్ విద్యార్థి తూటాలకు బలయ్యాడు. 2023 ఏప్రిల్‌లో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో గ్యాస్ స్టేషన్‌లో ఏలూరు విద్యార్థి. 2024 నవంబరులో షికాగోలో, అదీ గ్యాస్ స్టేషనే, ఖమ్మం విద్యార్థి. 2025 అక్టోబరులో టెక్సస్‌లో, మళ్ళీ గ్యాస్ స్టేషనే, హైదరాబాద్‌లో దంతవైద్యం చదివి పై చదువుకు వెళ్ళిన యువకుడు. నాలుగు రాష్ట్రాలు, నాలుగు నగరాలు, కానీ చోటు మాత్రం దాదాపు ఒక్కటే. ప్రతిసారీ మనం అన్నమాట కూడా ఒక్కటే: ‘పాపం, టైము బాగోలేదు.’ టైము సంగతి జ్యోతిష్కులకు వదిలేద్దాం. ఆ చోటు సంగతి మనం అడగాలి.

చదువుకోసం ఎఫ్-1 వీసా మీద వెళ్ళినవాళ్ళు తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పనిచెయ్యాలి. మొదటి విద్యా సంవత్సరంలో క్యాంపస్ బయట ఉద్యోగం కుదరదు, ఆ తర్వాత కూడా అనుమతి లేకుండా కుదరదు. ఇంటి దగ్గర ముప్పై నలభై లక్షల అప్పుంటుంది. క్యాంపస్‌లో ఉద్యోగాలు ఏ కొందరికో దొరుకుతాయి. అప్పుడు తెలిసినవాళ్ళ ద్వారా స్టోరులోనో, బంకులోనో, హోటల్లోనో పని కుదురుతుంది. జీతం చేతికి నగదుగా ఇస్తారు, చట్టం చెప్పిన కనీస వేతనం కన్నా తగ్గించి ఇస్తారు. పేరు ఏ రికార్డులోనూ ఉండదు. రాత్రి షిఫ్టు ఇస్తారు, ఎందుకంటే పద్ధతిగా జీతం తీసుకునే స్థానికుడు ఆ షిఫ్టుకు రాడు. పై నలుగురిలో ఎవరి ఉద్యోగం ఏ పద్ధతిదో తీర్పు చెప్పడం నా పని కాదు. ఇలాంటి కౌంటర్ల వెనక ఈ రాత్రికి కూడా నిలబడి ఉన్న మిగతా కుర్రాళ్ళ గురించే నా మాట.

రాత్రిపూట నడిచే దుకాణంలో దోపిడీని తగ్గించే మార్గాలు ఎవరికీ తెలియనివేం కాదు. ఫ్లోరిడా రాష్ట్రంలో దీనికి చట్టమే ఉంది. గల్లాపెట్టెలో 50 డాలర్లకు మించి ఉండదని గుమ్మం దగ్గర బోర్డు పెట్టాలి. మిగతా డబ్బు గుమాస్తా కూడా తెరవలేని సేఫులో పడిపోవాలి. బయటినుంచి లోపల మనిషి కనిపించేలా కిటికీలకు అడ్డం లేకుండా ఉంచాలి. పార్కింగ్ స్థలంలో వెలుతురుండాలి, కెమెరా ఉండాలి, చప్పుడు చెయ్యకుండా పోలీసులకు కబురందించే అలారం ఉండాలి. పారిపోయే దొంగ ఎంత పొడుగున్నాడో చెప్పగలిగేలా తలుపు పక్కన ఎత్తు గుర్తులు గీయాలి. ఆ దుకాణంలో అంతకుముందు దోపిడీయో హత్యో జరిగి ఉంటే, రాత్రి 11 నుంచి తెల్లవారి 5 దాకా ఇద్దరు మనుషుల్నైనా పెట్టాలి, గుమాస్తాను గట్టి పారదర్శక తెర వెనకైనా కూర్చోబెట్టాలి, కాపలాదారునైనా నియమించాలి, లేదంటే కిటికీలోంచే సరుకివ్వాలి. కార్మిక భద్రత చూసే కేంద్ర సంస్థ ఓషా 1998లోనే ఇలాంటి సూచనలు దేశమంతటికీ ఇచ్చింది. కానీ అవి సూచనలు మాత్రమే, పాటించడం యజమాని దయ. రెండో మనిషికి జీతం దండగ అనుకున్న యజమాని ఎవరు? చాలాచోట్ల భారతీయుడు, కొన్నిచోట్ల తెలుగువాడు. ‘కుర్రాడికి దారి చూపించాను’ అని సంఘంలో మంచిపేరు తెచ్చుకున్నవాడు.

తుపాకీ పేల్చినవాడు నేరస్తుడు, అతనికి శిక్ష పడాల్సిందే. మరి రికార్డుల్లో లేని జీతానికి ఒక్కణ్ణే అక్కడ నిలబెట్టినవాడి మాటేమిటి? మన సంతాప సభల్లో అతని ప్రస్తావన వచ్చిందా? మృతదేహాన్ని స్వదేశం పంపడానికి చందాలు పోగుచేసే పేజీల్లో మొదటి చందా అతనిదే అయినా ఆశ్చర్యం లేదు.

ఇక రెండో ముక్క, మనవాడి దగ్గర రక్షణ. అమెరికాలో తెలుగువాళ్ళ చరిత్ర రాసేవాళ్ళు మొహమాటపడి దాటవేసే ఒక అధ్యాయం ఉంది. 1999 నవంబరు 24న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఒకావిడ కారులో వెళుతూ ఒక దృశ్యం చూసింది. నలుగురు మగవాళ్ళు చుట్టిన తివాచీ ఒకటి మోసుకొచ్చి వ్యానులోకి ఎక్కిస్తున్నారు. అందులోంచి ఒక కాలు వేలాడుతోంది. ఏడుస్తున్న ఒక అమ్మాయిని అదే వ్యానులోకి నెడుతున్నారు. ఆవిడ కారు ఆపి గొడవచేసింది, పోలీసుల్ని పిలిపించింది. అద్దె ఇంట్లో వేడిమి గొట్టం మూసుకుపోయి విషవాయువు నిండి 17 ఏళ్ళ అమ్మాయి ఒకతె చనిపోయిందని అప్పుడు బయటపడింది. ఆ ఇల్లు ఆ ఊళ్ళో అతిపెద్ద ఇంటి యజమానుల్లో ఒకడైన లకిరెడ్డి బాలిరెడ్డిది. అప్పటి కృష్ణా జిల్లా వెల్వడం నుంచి వెళ్ళి, వెయ్యికి పైగా అపార్ట్‌మెంట్లూ హోటలూ సంపాదించుకున్న మనిషి. తప్పుడు కాగితాలతో, దొంగ బంధుత్వాలతో పేదింటి ఆడపిల్లల్ని రప్పించి తన పనులకూ, తన కోరికలకూ వాడుకున్నాడు. కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. 2001లో 97 నెలల జైలు పడింది, 20 లక్షల డాలర్ల నష్టపరిహారం కట్టాల్సి వచ్చింది.

ఈ కేసులో నేను ఎత్తిచూపదలచింది రెండు సంగతులు. ఆ అమ్మాయిల్ని కాపాడింది పరాయి మనిషి, దారినపోయే ఆడమనిషి. దాని వెనక వెట్టిచాకిరీ ఉందేమోనని మొదట పత్రికలో రాసింది బర్క్‌లీ హైస్కూలు విద్యార్థులు, వాళ్ళ బడి పత్రికలో. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు లేరా? ఉన్నారు. ఆ ఇళ్ళల్లో అద్దెకున్నారు, ఆ హోటల్లో దోశలు తిన్నారు. ఇక రెండో సంగతి. మైలవరంలో ఆయన పేరుతో ఇంజనీరింగ్ కాలేజీ 1998లో మొదలైంది. శిక్ష పడ్డాక కూడా పేరు మారలేదు, ఇప్పటికీ అదే పేరు. అమెరికా కోర్టులో దోషి, మన ఊళ్ళో దాత. కంచే చేను మేసిందని తేలాక కూడా ఆ కంచెకు దండలు వేసే అలవాటు మనది.

అది పాతికేళ్ళనాటి ముచ్చట అంటారా? 2023 నవంబరు చివర్లో మిస్సోరీ రాష్ట్రంలో పోలీసులు ఒక ఇంట్లోంచి 20 ఏళ్ళ భారతీయ విద్యార్థిని బయటికి తెచ్చారు. నెలల తరబడి నేలమాళిగలో పడుకోబెట్టి, కొట్టి, చాకిరీ చేయించారన్నది ప్రాసిక్యూటర్ల అభియోగం. అభియోగం ఎదుర్కొన్నవాళ్ళలో ముఖ్యుడు ఆ కుర్రాడి బంధువు. చుట్టాల ఇంట్లో దిగితే అద్దె కలిసొస్తుందనీ, కొత్తచోట అండగా ఉంటారనీ మన ఇళ్ళల్లో ఎంత సులువుగా అనేస్తాం! ఇక్కడ కూడా అయ్యో అని పోలీసులకు ఫోను చేసింది పరాయి మనిషే.

నేలమాళిగలు అరుదు. బెంచి అరుదు కాదు. అమెరికా ఐటీ కన్సల్టెన్సీల లోకంలో తిరిగిన ఏ తెలుగువాడికీ ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. దిగగానే గెస్ట్‌హౌసులో ఒక గదికి నలుగురైదుగురు, ట్రైనింగ్ పేరుతో డిపాజిట్, లేని అనుభవం అతికించిన రెజ్యూమె, ప్రాజెక్టు వచ్చేదాకా ‘బెంచి’ మీద జీతం సున్నా, వచ్చాక అందులో పర్సెంటేజీ. అమెరికా కార్మిక శాఖ నిబంధన మాత్రం స్పష్టం. హెచ్-1బి మీద తెచ్చుకున్న ఉద్యోగికి పని చూపించలేకపోతే అది యజమాని తప్పు, జీతం ఆపడానికి వీల్లేదు. లాయరు ఫీజు, పిటిషన్ ఖర్చు ఉద్యోగి నెత్తిన రుద్దకూడదు. దీనిమీద ఫిర్యాదు చెయ్యడానికి డబ్ల్యూహెచ్-4 అనే ఫారం ఉంది, జరిగిన 12 నెలల్లోపు పంపాలి. ఇన్ని నిబంధనలుండగా బెంచి వ్యాపారం ఇన్ని దశాబ్దాలు ఎలా నడిచింది? ఆరు నెలల జీతం ఎగ్గొట్టడాన్ని మనం దొంగతనం అనలేదు, ‘స్ట్రగుల్’ అన్నాం. ‘నేనూ అలాగే పైకొచ్చాను’ అన్నాం. దారిలో ఎవడో జేబులోంచి 200 డాలర్లు లాక్కుంటే అది నేరం. మన ఊరాయన 20,000 డాలర్లు ఎగ్గొడితే అది అనుభవం.

దొంగ యూనివర్సిటీల కథ కూడా ఇదే. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద అమెరికా ఇమిగ్రేషన్ అధికారులు దాడి చేశారు. సుమారు 1,500 మంది విదేశీ విద్యార్థులు చిక్కుల్లో పడ్డారు, వాళ్ళలో అత్యధికులు భారతీయులు, అందులో ఆంధ్రప్రదేశ్‌వాళ్ళే చాలామంది. కొందరి కాళ్ళకు రేడియో ట్యాగులు తగిలించేసరికి మన దేశమంతా భగ్గుమంది. పశువులకు కట్టినట్టు కడతారా అని అరిచాం, అరవాల్సిందే. కానీ పాత విద్యార్థి కొత్త విద్యార్థిని చేర్పిస్తే ఫీజులో వాటా దక్కే పద్ధతి అక్కడ నడిచిందన్న సంగతి ఆ అరుపుల్లో కొట్టుకుపోయింది. యజమానురాలికి 2014లో పదహారున్నర ఏళ్ళ జైలు పడింది. సీట్లు అమ్మిపెట్టిన చిన్న చేతుల సంగతి మాత్రం మనం పట్టించుకోలేదు.

ఎనిమిదేళ్ళకు మళ్ళీ అదే నాటకం. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రంలోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అనేది అసలు లేదనీ, ప్రభుత్వమే వల పన్నిందనీ తేలింది. ఎనిమిది మంది రిక్రూటర్ల మీద కేసులు పెట్టారు, పేర్లు చూస్తే ఎక్కువమంది తెలుగువాళ్ళే. కనీసం 600 మందిని అమెరికాలో అక్రమంగా నిలిపి ఉంచడానికి వాళ్ళు తోడ్పడ్డారని అభియోగం. మొదట పట్టుబడ్డ 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. ప్రభుత్వమే దొంగ యూనివర్సిటీ పెట్టడం న్యాయమా అన్న ప్రశ్న సరైనదే, అమెరికాలోనే చాలామంది అడిగారు. అయితే ఆ వలలోకి కుర్రాళ్ళను చెయ్యి పట్టుకుని నడిపించి, తలకింత అని లెక్కకట్టి తీసుకున్నవాణ్ణి మనం ఏమన్నాం? ఏమీ అనలేదు. ప్రవాస సంఘాలు ఉచితంగా లాయర్లను ఏర్పాటు చేశాయి, మంచిపని. ఆ లాయర్లు చెప్పిన జాగ్రత్తల్లో ‘తెలుగులో మాట్లాడే రిక్రూటరును నమ్మకండి’ అన్న మాట ఎవరూ బోర్డు మీద రాయలేదు.

గల్ఫ్ సంగతికొస్తే అక్కడ నేరం ఊళ్ళోనే మొదలవుతుంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో ‘ఆజాద్ వీసా’ అంటే చిన్నపిల్లలకూ తెలుసు. కాగితం మీద ఒక కఫీల్ (స్పాన్సరు), పని మరొకరి దగ్గర. అది ఆ దేశాల చట్టం ఒప్పుకోని ఏర్పాటు. పట్టుబడితే జైలుకు పోయేది కార్మికుడు. ఆ వీసా తెచ్చి అమ్మినవాడు చాలాసార్లు అక్కడే పదేళ్ళుగా ఉంటున్న మన ఊరి మనిషి. కడప జిల్లా నుంచీ గోదావరి జిల్లాల నుంచీ కువైట్ ఇళ్ళల్లో పనికి వెళ్ళే ఆడవాళ్ళ విషయంలో చట్టం ఇంకా గట్టిది. వలస అనుమతి తప్పనిసరైన ఈసీఆర్ పాస్‌పోర్టున్న మహిళకు 30 ఏళ్ళు నిండనిదే ఇంటిపనికి అనుమతి లేదు. అందుకని ఏజెంటు విజిట్ వీసా మీద దాటిస్తాడు. దాటాక ఆమె ఏ ప్రభుత్వ లెక్కలోనూ ఉండదు. జీతం రాకపోయినా, చెయ్యి చేసుకున్నా ఎవరికి చెప్పుకోవాలో తెలియదు. చెప్పుకుంటే మొదట ఆమెనే అడుగుతారు, ‘నువ్వెలా వచ్చావు?’ అని.

రిజిస్టరైన ఏజెంటు కార్మికుడి దగ్గర తీసుకోగలిగిన సేవా రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షా, లక్షన్నరా తీసుకుంటున్నవాడు ఏ చట్టం ప్రకారం తీసుకుంటున్నాడు? 1983 నాటి వలస చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపితే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా 2,000 రూపాయల దాకా. మరోసారి చదవండి: రెండు వేల రూపాయలు. ఒక మనిషిని అమ్మితే వచ్చే లాభంలో అది టీ ఖర్చు. ఈ అంకె మార్చమని మన ఎంపీలు పార్లమెంటులో పట్టుబట్టి కూర్చున్న రోజు ఉందా?

కంబోడియా కేసు చూస్తే ఈ ధీమా పూర్తిగా పగిలిపోతుంది. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు ఒక ముఠా గుట్టు విప్పారు. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి స్థానిక ఏజెంట్లు తలా లక్షన్నర దాకా తీసుకున్నారు. బ్యాంకాక్ మీదుగా కంబోడియా చేర్చారు. అక్కడ చైనా ముఠాలు వేల డాలర్లకు వాళ్ళను కొనుక్కుని గదుల్లో పెట్టి తాళం వేశాయి. వాళ్ళ పని ఏమిటి? మన దేశంలో ఉన్నవాళ్ళకే ఫోన్లు చేసి మోసగించడం. ఫెడెక్స్ పార్సిల్‌లో మత్తుమందు దొరికిందని బెదిరించడం, టాస్కుల పేరుతో డబ్బు గుంజడం. చెయ్యనంటే తిండి లేదు, దెబ్బలు. అంటే విశాఖలో ఒక తెలుగువాడు మరో తెలుగువాణ్ణి అమ్మాడు. అమ్ముడుపోయినవాడితో మూడో తెలుగువాణ్ణి ఫోనులో దోపించారు. ఈ గొలుసులో మొదటి కొక్కెం కంబోడియాలో లేదు, గాజువాకలోనో అనకాపల్లిలోనో ఉంది. అందుకే ఆ ఏజెంట్లను పట్టుకోవడానికి విశాఖ పోలీసులకు విమానం ఎక్కాల్సిన పనిలేకపోయింది. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు స్కామ్ కేంద్రాల నుంచి వాయుసేన విమానాల్లో వెనక్కి తెచ్చిన 549 మంది భారతీయుల్లోనూ తెలుగువాళ్ళున్నారు. వాళ్ళనూ తుపాకీ పెట్టి ఎవరూ ఎత్తుకుపోలేదు. నమ్మకంగా టికెట్ కొని పంపారు.

నేరగాడికి మన భాష ఇంత బాగా ఎందుకు పనికొస్తుంది? ఒకటి, ఒప్పందం అడగనివ్వదు. ‘మనలో మనకు కాగితాలేమిటి’ అన్న మాట ఇంగ్లీషు యజమానికి చేతకాదు. రెండు, మొదటి తప్పు బాధితుడితోనే చేయిస్తుంది. అబద్ధపు రెజ్యూమె మీద సంతకం పెట్టాక, నగదు జీతం తీసుకున్నాక, ఆజాద్ వీసా మీద దిగాక, ఫిర్యాదు చేస్తే ముందు దొరికిపోయేది తానేనన్న భయం గొంతు నొక్కేస్తుంది. మూడు, మన ఇల్లు వాళ్ళకు తెలుసు. ఊళ్ళో అమ్మానాన్నల దగ్గరికి కబురు పంపగలరు, పెళ్ళి సంబంధం చెడగొట్టగలరు. పరాయి దొంగ పారిపోతాడు, మళ్ళీ కనిపించడు. ఇతను మాత్రం ఉగాది సభలో ముందు వరుసలో కనిపిస్తాడు, మనమే లేచి నమస్కారం పెట్టాలి.

దీనికి వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. జాతిద్వేషం లేదా అని అడుగుతారు. ఎందుకు లేదు! 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేథాలో ఒక బార్‌లో ఇద్దరు తెలుగు ఇంజనీర్లను ‘నా దేశం నుంచి పొండి’ అంటూ కాల్చినవాడు ద్వేషంతోనే కాల్చాడు. ఒకరు చనిపోయారు. వాణ్ణి అడ్డుకోబోయి తూటా తిన్నది ఒక తెల్ల యువకుడు. హంతకుడికి 2018లో యావజ్జీవ శిక్ష పడింది. బంగారం కోసం మన ఇళ్ళను వెతుక్కుంటూ వచ్చే ముఠాలూ ఉన్నాయి. ఆసియా కుటుంబాల ఇళ్ళ జాబితాలు రాసుకుని పలు రాష్ట్రాల్లో దోపిడీలు చేయించిన ఒక ముఠా నాయకురాలికి 2019లో 37 ఏళ్ళ శిక్ష వేశారు. పరాయి నేరం నిజం. అయితే ఈ రెండు కేసుల్లోనూ పోలీసులు వచ్చారు, కోర్టు నడిచింది, శిక్ష పడింది. ఎవరూ ‘సర్దుకుపో’ అనలేదు. సర్దుకుపొమ్మనే సలహా మనవాడి నేరానికే దక్కుతుంది.

సంఘాల్ని ఆడిపోసుకుంటున్నానని మరికొందరంటారు. శవాల్ని సొంతూళ్ళకు చేర్చే ఖర్చు భరించేదీ, అర్ధరాత్రి ఆసుపత్రికి పరిగెత్తేదీ ఆ సంఘాల వాలంటీర్లే. వాళ్ళకు దండం పెట్టాలి. కానీ ఆ వాలంటీరుకూ వేదిక మీద శాలువా కప్పించుకునే స్పాన్సరుకూ తేడా చెప్పే ధైర్యం సంఘాలకు ఉండాలి. కుర్రాళ్ళు మాత్రం అమాయకులా, తెలిసే అడ్డదారి తొక్కుతున్నారు కదా అనేవాళ్ళూ ఉన్నారు. కొందరు తెలిసే తొక్కుతున్నారు, నిజమే. అడ్డదారి తొక్కినవాడిది నిబంధన ఉల్లంఘన. ఆ ఉల్లంఘనను ఉరితాడుగా పట్టుకుని జీతం మింగినవాడిది దోపిడీ. రెండింటినీ ఒకే గాటన కట్టేసి చేతులు దులుపుకోవడం దొంగకు సాక్ష్యం చెప్పడమే.

ఫిర్యాదు చేస్తే వీసా పోతుందన్నది అన్నిటికన్నా బలమైన భయం. అందులో కొంత నిజముంది, అయితే పూర్తి నిజం కాదు. 2000లోనే అమెరికా చట్టం చేసింది. తీవ్రమైన నేరాలకు గురై పోలీసులకు సహకరించినవాళ్ళకు ఏటా 10,000 యు వీసాలు, మనుషుల అక్రమ రవాణాకు బలైనవాళ్ళకు ఏటా 5,000 టి వీసాలు ఉన్నాయి. యు వీసాకు క్యూ ఏళ్ళ తరబడి ఉంటుంది, దాచడం ఎందుకు. ప్రతి రాష్ట్రంలోనూ నేర బాధితుల పరిహార నిధి ఉంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు రాయబార కార్యాలయం దగ్గర 2009 నుంచి సంక్షేమ నిధి, 2015 నుంచి ఫిర్యాదులకు మదద్ పోర్టల్ ఉన్నాయి. హైదరాబాద్ ప్రజాభవన్‌లో 2024 నుంచి ప్రవాసీ ప్రజావాణి అనే ఫిర్యాదుల వేదిక నడుస్తోంది. ఈ తలుపులన్నీ వెంటనే తెరుచుకుంటాయని నేననను. అసలు తట్టకూడదని చెబుతున్నది ఎవరో చూడండి. సాధారణంగా ఆ తలుపు తెరుచుకుంటే నష్టపోయేవాడే ఆ సలహా ఇస్తాడు.

ఇప్పుడు చెయ్యాల్సిన పనులు. వలస చట్టంలో ఆ రెండు వేల జరిమానాను సిగ్గుపడి మార్చాలి. ఆ చట్టం ఉద్యోగాలకు పంపేవాళ్ళకే వర్తిస్తుంది. వీధికొకటి వెలిసిన విదేశీ విద్యా కన్సల్టెన్సీలు దాని కిందికి రావు. రెండు తెలుగు రాష్ట్రాలూ వాటికి లైసెన్సు, డిపాజిట్, ఫీజు పరిమితి పెట్టాలి. ఎవరి దగ్గర ఎంత కమిషన్ తీసుకుంటున్నారో బోర్డు మీద రాయించాలి. తల్లిదండ్రులు ఉద్యోగాలకు పంపే ఏజెంటు పేరు కేంద్రం ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందో లేదో చూసి గానీ రూపాయి తియ్యకూడదు. జీతం ఏ కంపెనీ పేరున, ఏ ఖాతాలోకి వస్తుందో కాగితం మీద చూపించమనాలి. పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుందో అడగాలి. చుట్టమైనా అడగాలి, చుట్టమైతే ముందుగా అడగాలి.

ప్రవాస సంఘాల పెద్దలకు ఒక్క విన్నపం. వచ్చే మహాసభకు స్పాన్సర్ల చెక్కులు తీసుకునేముందు ప్రతి కంపెనీనీ ఒక ప్రశ్న అడగండి. ప్రాజెక్టు లేని నెలల్లో మీ ఉద్యోగికి జీతం ఇచ్చారా, ఇస్తే పే స్టబ్ చూపించగలరా? చూపించలేనివాడి చెక్కు వెనక్కిచ్చెయ్యండి, వాడి పేరు వేదిక మీద చదవకండి.